అత్తెసరు పాఠం

"అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు" అన్న మాట ఉపాధ్యాయుల గదిలో కొన్ని వందలసార్లు విన్నాను. అన్నవారిలో చాలామందికి అత్తెసరు అంటే ఏమిటో తెలియదు. ఎసరు అంటే అన్నం వండడానికి పొయ్యిమీద కాచే నీరు. బియ్యం ఉడకడానికి ఎంత నీరు కావాలో అంతే కొలిచి పెట్టి, గంజి వార్చే పని లేకుండా, నీరంతా మెతుకులోకే ఇగిరేటట్లు వండడం అత్తెసరు. ఆ 'మిగులు లేకపోవడం' అన్న అర్థమే వంటింటినుండి పరీక్షల్లోకి వచ్చి బొటాబొటి మార్కులకు పేరైంది. పోషకాహారం చెప్పే శాస్త్రజ్ఞులు మెచ్చుకునే వంట పద్ధతి మనకు నిందావాచకంగా మిగలడం భాషలో చిన్న విచిత్రం. దాని వెనుక ఉన్న చరిత్ర మాత్రం చిన్నది కాదు.

గంజి వార్చవద్దు, బియ్యాన్ని పదేపదే కడగవద్దు, తెల్లగా మరపట్టిన బియ్యం కంటె దంపుడు బియ్యం మేలు - ఈ మూడు ముక్కలూ మా తరం పల్లెబడులలో ఆరోగ్యశాస్త్రం పేరిట చదువుకున్నవే. తరువాత నేనూ అవే చెప్పాను. తెలుగు పండితుడికి ఆరోగ్యశాస్త్రంతో ఏం పని అని అడగవచ్చు. పల్లెబడిలో ఏ పీరియడు ఖాళీ ఉంటే అది తెలుగు పంతులు నెత్తిన పడడం ఆనవాయితీ. ముప్పయ్యేళ్లకు పైగా కోస్తా పల్లెలలో ఈ మూడు ముక్కలూ చెప్పిన తరువాత, అసలీ పాఠం ఎక్కడ పుట్టిందని వెదికితే అది ఏ దూరదేశంలోనో కాక మన సముద్రతీరంలోనే మొదలైందని తెలిసింది. ఈ టపా ఆ సంగతి చెప్పడానికే.

పూర్వం ఆంగ్లేయులు ఉత్తర సర్కారులు అని పిలిచిన గంజాం మొదలు గుంటూరు దాకా ఉన్న తీరభూమిలో ఒక రోగం ఉండేది. మొదట కాళ్లు తిమ్మిరెక్కుతాయి. పిక్కలు నొక్కితే ఓర్చుకోలేనంత నొప్పి. నడక తూలుతుంది. కొందరికి కాళ్లు, ముఖం నీరుపట్టి ఉబ్బి, ఆయాసం ముదిరి, ఒకటి రెండు రోజులలోనే గుండె ఆగిపోతుంది. మరికొందరు ఉబ్బు లేకుండానే చిక్కి శల్యమై మంచాన పడతారు. దీని పేరు బెరిబెరి. సింహళ భాషలో 'చేతకాదు, చేతకాదు' అన్న అర్థంలో పుట్టిన మాట అని చెబుతారు. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేసిన జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ అనే స్కాట్లండు దేశస్థుడు ఈ వ్యాధి చరిత్రను, చికిత్సను గూర్చి వ్రాసిన గ్రంథం 1835లో మద్రాసులో అచ్చయింది. సర్కారు జిల్లాలలో కాపురమున్న సిపాయి దళాలను ఈ రోగం ఎట్లా పట్టి పీడించిందో అందులో కనబడుతుంది. గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన డొక్కల కరువు గడచి అప్పటికి రెండేళ్లే. కరువులో ఆకలితో పోయినవారి సంగతి మన చరిత్ర పుస్తకాలలో ఉన్నది. రెండు పూటలా తెల్లని అన్నం తింటూనే పోయినవారి సంగతి అంతగా ఎక్కలేదు.

మాల్కమ్‌సన్‌కు కారణం తెలియదు. గాలి, తేమ, నేల - ఆ కాలంలో అన్ని రోగాలకూ చెప్పే కారణాలే దీనికీ చెప్పుకున్నారు. అన్నంలోనే ఏదో లోపం ఉన్నదన్న ఊహకు రావడానికి మరో అరవై యేళ్లు పట్టింది. జావాద్వీపంలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్ తాను పెంచుతున్న కోళ్లు కాళ్లు చచ్చుబడి పడిపోవడం గమనించాడు. సైనిక వైద్యశాలలో మిగిలిన తెల్లని అన్నం వాటికి మేతగా వేస్తున్నారు. కొత్తగా వచ్చిన వంటవాడు 'సైన్యం అన్నం ఈ కోళ్లకు పెట్టను' అని నిరాకరించడంతో అవి ముతక బియ్యం తిని లేచి తిరిగాయి. ఒక వంటవాడి మొండిపట్టు వైద్యశాస్త్రానికి దారి చూపిన ఘట్టం ఇది. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమానంలో సగభాగం వచ్చింది. ఆ వంటవాడి పేరు ఎవరికీ పట్టలేదు.

ఇక్కడ బియ్యం మాటలు కొన్ని చెప్పుకోవాలి. పట్టణాలలో పెరిగిన చదువరులకు ఇవి క్రమంగా దూరమవుతున్నాయి. వడ్లు దంచితే మొదట పోయేది ఊక. అప్పుడు మిగిలేది ముడిబియ్యం, ఎర్రగానో మట్టిరంగుగానో ఉంటుంది. దాన్ని మళ్లీ రోట్లో వేసి, గింజ చెదరకుండా కుందెన పెట్టి పోటు వేస్తే తవుడు రాలుతుంది, ఇంకా వేస్తే సన్నని చిట్టు వస్తుంది. పోటు పెరిగినకొద్దీ బియ్యం తెలుపెక్కుతుంది. ఊక పొయ్యిలోకి, తవుడు గొడ్డుకు, చిట్టు కోళ్లకు, తెల్లని గింజ మనిషికి. పశువులకు శ్రేష్ఠమైన భాగం పెట్టి మనిషి మిగిలినది తిన్నాడని ఎవరైనా ఆనాడు చెబితే నవ్వి ఉండేవారు. ఇప్పుడు అంకెలు చూడండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1971లో వెలువరించిన ఆహార విలువల పట్టికలో, నూరు గ్రాముల దంపుడు పచ్చిబియ్యంలో బి1 విటమిను, అనగా థయమిన్, 0.21 మిల్లీగ్రాములు. మరపట్టిన పచ్చిబియ్యంలో 0.06. తవుడులో 2.7. పెద్దవాడు పని చేసుకుంటూ బ్రతకడానికి రోజుకు మిల్లీగ్రాముకు కాస్త పైన కావాలి. అరకిలో దంపుడు బియ్యం తింటే ఆ అవసరం ఇంచుమించు తీరుతుంది. అరకిలో తెల్లబియ్యం తింటే మూడోవంతు కూడా తీరదు. ఉన్న ఆ కొంచెంలో సగం దాకా కడుగులో పోతుంది, మరికొంత గంజిలో పోతుంది. ఆ గంజి కుడితి తొట్టిలో పడుతుంది, లేదా పంచెలకు, చొక్కాలకు పెట్టుకుంటారు. ఒంటికి పట్టవలసినది బట్టకు పట్టింది!

అయితే తమిళులు కూడా అన్నమే తింటారు కదా, వారికి ఈ రోగం ఎందుకు అంతగా లేదు? ఈ ప్రశ్న దగ్గరే కథంతా ఉన్నది. వారిలో చాలామందిది ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి, ఆవిరికి ఉడికించి, ఎండబెట్టి తరువాత దంచుతారు. ఉడికేటప్పుడు పైపొరలోని విటమినులు గింజ లోపలికి ఇంకుతాయి. తరువాత మరలో ఎంత తెల్లగా పట్టినా ఎక్కువ భాగం నిలిచే ఉంటుంది. అదే పట్టికలో మరపట్టిన ఉప్పుడు బియ్యానికి 0.21 అని ఉన్నది, అంటే మన దంపుడు పచ్చిబియ్యంతో సమానం. మలయా దేశంలో 20వ శతాబ్ది తొలినాళ్లలో ఇది మరింత స్పష్టమైంది. పచ్చిబియ్యం తినే చీనా కూలీలు బెరిబెరితో కుప్పకూలుతుంటే, పక్కనే ఉప్పుడు బియ్యం తినే తమిళ కూలీలు ఆరోగ్యంగా ఉన్నారు. తెలుగు తీరవాసికి ఉప్పుడు బియ్యమంటే ఏవగింపు: వాసన వస్తుందంటాడు, ముద్ద కుదరదంటాడు, ఇడ్లీ రవ్వకు తప్ప పనికి రాదంటాడు. నాకూ నాలుక ఒప్పదు. నాలుక ఒప్పనంత మాత్రాన చరిత్ర మారదు.

1918లో కూనూరులోని పాశ్చర్ సంస్థలో ఒకే ఒక్క గదిలో బెరిబెరి విచారణ విభాగం మొదలైంది. దాన్ని నడిపినవాడు రాబర్ట్ మెకారిసన్, ఐర్లండు ఉత్తరభాగంనుండి వచ్చిన సైనిక వైద్యుడు. ఆయన, నోరిస్ కలిసి 1924లో భారతదేశంలో బియ్యానికీ బెరిబెరికీ ఉన్న సంబంధాన్ని గూర్చి వెలువరించిన గ్రంథంలో మన సర్కారు జిల్లాలు ప్రధానమైన నెలవు. ఆ ఒంటి గది 1928 నాటికి పోషకాహార పరిశోధనాలయమైంది, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక మీదుగా వెళ్లేవారు ఆ ప్రాంగణం చూసే ఉంటారు. దాని మూలంలో ఉన్నది తెలుగు తీరపు తెల్లన్నమన్న సంగతి ఎందరికి తెలుసు?

మెకారిసన్ 1928లోనే 'ఫుడ్' అనే పేర ఒక చిన్న వాచకం వ్రాశాడు. భారతదేశపు బడులకు, కళాశాలలకు, స్కౌట్ దళాలకు ఉద్దేశించినది. ఒక శాస్త్రవేత్త తన ప్రయోగశాల ఫలితాలను పిల్లల పుస్తకంగా వ్రాయడం ఆనాటికి గొప్ప సంగతే. కాదనను. ఆయన ఎలుకలకు వివిధ ప్రాంతాలవారి భోజనాలు పెట్టి చూస్తే పంజాబు సిక్కుల భోజనం తిన్నవి బలిష్ఠంగానూ, దక్షిణాది అన్నం తిన్నవి నీరసంగానూ పెరిగాయి. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, ఆకుకూరలు ఒకవైపు, ఉత్త అన్నం ఒకవైపు అయితే ఎలుకకైనా ఏది మేలో తెలుస్తుంది. పల్లెబడి పిల్లవాడికి పాలు తాగు, వెన్న తిను అని చెప్పడం మాత్రం ఆనాటినుండి ఈనాటి దాకా నాకు మింగుడుపడని బోధన. పాడి ఉన్న ఇంటి పాలు కేంద్రానికి పోతాయి, ఇంటికి మజ్జిగ మిగులుతుంది. మిగిలిన పాఠాలన్నీ డబ్బు అడుగుతాయి. గంజి వార్చవద్దన్న పాఠం ఒక్కటే డబ్బు అడగనిది. అందువల్లనే దాని విలువ ఎక్కువ.

మెకారిసన్ తరువాత 1935లో వచ్చిన ఐక్రాయిడ్ ఈ విషయాన్ని ఇంకా లోతుగా తవ్వాడు. భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల మీద 1937లో వచ్చిన ప్రసిద్ధమైన 23వ ఆరోగ్య బులెటిన్ ఆయనదే. మన బడులలో గోడకు వేలాడిన పట్టికలన్నిటికీ అది తాత. 1940లో ఆయన, సహచరులు భారతదేశపు బియ్యం సమస్యను గూర్చి ఒక గ్రంథమే వ్రాశారు. మరుసటి సంవత్సరం ఐక్రాయిడ్, కృష్ణన్ కలిసి మద్రాసు రాష్ట్రంలోని బెరిబెరి ప్రాంతంలో శిశుమరణాలను గూర్చి ప్రకటించిన వ్యాసం నన్ను అన్నిటికంటె ఎక్కువగా కలచివేసింది.

బెరిబెరి పెద్దలకే కాదు. తల్లి ఒంట్లో థయమిన్ తక్కువైతే ఆమె పాలలోనూ తక్కువవుతుంది. తల్లికి కాళ్లు కాస్త తిమ్మిరిగా ఉండడం తప్ప పెద్ద బాధ కనిపించకపోవచ్చు. బిడ్డ మాత్రం రెండు మూడు నెలలు బొద్దుగా పెరిగి, ఉన్నట్టుండి పాలు మానుతుంది. ఏడుస్తున్నట్లు ముఖం పెడుతుంది గాని గొంతు పెగలదు. కొన్ని గంటలలో ప్రాణం పోతుంది. సమయానికి విటమిను అందితే అన్ని గంటలలోనే తేరుకుంటుంది. తీరంలో ఎన్ని ఇళ్లలో ఇటువంటి చావును దిష్టి అనో, గాలి సోకిందనో అనుకొని ఉంటారో! పైగా చాలా ఇళ్లలో బాలింతకు పథ్యం. పప్పు వాతం, ఆకుకూర చలువ అంటూ మాన్పించి, పాతబియ్యపు తెల్లన్నం, కారప్పొడి, నెయ్యి పెట్టేవారు. ప్రేమతోనే పెట్టేవారు. పథ్యమంటే హితమైనదని అర్థం. అన్నం మీదనే బ్రతికే ఆ తల్లికి ఆ రోజుల్లో అంతకంటె అపథ్యం లేదు.

ఈ కథలో మన నేలకు చెందినవాడు మరొకడున్నాడు. రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్ 1886 ఫిబ్రవరి 16న నెల్లూరులో పుట్టాడు. తల్లిదండ్రులు అమెరికానుండి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు. బాల్యం తరువాత అమెరికా వెళ్లి చదువుకున్నాడు. 1908లో ఫిలిప్పీన్ దీవులకు వెళ్లాడు, దేనికంటే బడిపంతులుగా! మరుసటి ఏడు మనీలాలోని ప్రభుత్వ విజ్ఞానశాలలో రసాయనికుడుగా చేరాడు. 1910లో వెడ్డర్ అనే సైనిక వైద్యుడు తవుడుతో చేసిన కషాయం ఆయన చేతికిచ్చి, ఇందులో బెరిబెరిని మాన్పేది ఏమిటో కనుక్కోమన్నాడు. ఆ పని తేలడానికి ఇరవై ఆరేళ్లు పట్టింది. మధ్యలో పొట్టకూటికి అమెరికాలో టెలిఫోను పరిశోధనశాలలో ఉద్యోగం చేస్తూ, తీరిక వేళలలో తవుడు మీద పరిశోధన సాగించి, 1936లో థయమిన్ నిర్మాణాన్ని తేల్చి కృత్రిమంగా తయారుచేసి చూపాడు. దానిమీద వచ్చిన ఆదాయంలో అధికభాగం ఆహారలోప వ్యాధుల నిర్మూలన నిధికి పోయేటట్లు ఏర్పాటు చేశాడు. నెల్లూరు బియ్యం ఖ్యాతి మనకు తెలుసు. ఆ ఊళ్లో పుట్టి బియ్యపు రోగానికి మందు తయారుచేసినవాడి పేరు నేను చదివిన, చెప్పిన వాచకాలలో ఎక్కడా తారసపడలేదు.

అన్నట్లు, ఆయన తమ్ముడు రోజర్ విలియమ్స్ ఉదకమండలంలో పుట్టాడు. ఆకుకూరలలో ఉండే ఒక విటమినుకు 1941లో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టినవారిలో ఆయన ముఖ్యుడు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి 1945లో ప్రకటించినది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. ఈ ఫోలిక్ ఆమ్లం మాట గుర్తుంచుకోండి, చివర మళ్లీ వస్తుంది.

ఇక మర సంగతి. బియ్యపు మరలు వచ్చి చెడగొట్టాయి, పూర్వం మన అవ్వలు దంచుకు తిని నూరేళ్లు బ్రతికారు అని తరచు వింటుంటాం. ఇందులో సగమే నిజం. మాల్కమ్‌సన్ పుస్తకం వచ్చిన 1835 నాటికి మన తీరంలో మర లేదు. ధవళేశ్వరం ఆనకట్ట కూడా లేదు. అయినా రోగం ఉన్నది. రోకలితోనైనా తెల్లబడేదాకా పోటు వేసి, నిలవచేసి, నాలుగు నీళ్లు కడిగి, గంజి వారిస్తే ఫలితం ఒక్కటే. మర చేసిందల్లా, కలవారి ఇంటి తెల్లదనాన్ని అందరికీ చవకగా అందించడం. దంచే ఆడవారి రెక్కల కష్టం తగ్గించిన మరను నేను తిట్టలేను. దంపుడు పాటలు ఎంత ఇంపుగా ఉన్నా, అవి చెమటలోనుండి వచ్చిన పాటలు. గాంధీజీ 1934లో వార్ధాలో గ్రామ పరిశ్రమల సంఘాన్ని స్థాపించిన నాటినుండి దంపుడు బియ్యాన్ని పట్టుదలగా ప్రచారం చేశారు. ఆయన దృష్టి ఆరోగ్యంతోపాటు దంచుకొని బ్రతికే బీదరాలి కూలిమీద కూడా ఉన్నది. ఆ స్ఫూర్తితోనే 1958లో బియ్యపు మరలను నియంత్రించే చట్టం కేంద్రం తెచ్చింది. 1997లో దాన్ని రద్దుచేశారు. ఈ మధ్యకాలంలో ఊరూరా మరలు వెలిశాయి, రోళ్లు వాకిళ్లలో తులసికోట పక్కకు చేరాయి.

బడి సంగతికి వస్తాను. గంజి వార్చకూడదన్న పాఠం చెప్పి, మీ ఇళ్లలో గంజి తాగేవారు చేయెత్తండి అని అడిగేవాడిని. ఒక్క చేయి లేచేది కాదు. గంజి గేదెకు పోసేవారు చేయెత్తండి అంటే తరగతి అంతా చేతులే. నిజానికి ఆ పిల్లలలో సగంమంది ఉదయం గంజిలో ఉప్పువేసుకు తాగి వచ్చినవారే. వారి ముఖాలు నాకు తెలుసు, ఇళ్లు తెలుసు. గంజి అన్న మాటకు మన భాషలో పట్టిన మరక అటువంటిది. 'గంజికి గతిలేనివాడు' అన్న తిట్టు ఉన్నది. కరువులలో పెట్టినవి గంజి కేంద్రాలు, 1952 రాయలసీమ కరువు చూసినవారికి ఆ మాట వింటే సత్తుగిన్నె పట్టుకొని నిలబడిన వరుస గుర్తుకొచ్చేది. అటువంటి మాటను నల్లబల్ల మీద వ్రాసి, ఇందులో పోషకాలున్నవి, తాగండి అంటే పిల్లవాడికి వినబడేది 'మీరు బీదవారు' అని మాత్రమే. పాఠంలో తప్పులేదు. పాఠం వెళ్లవలసిన దారిలో అవమానం అడ్డంగా పడుకొని ఉన్నది.

ఒకసారి ఒక అమ్మాయి తన నాయనమ్మ ఇంట్లో తరవాణి కుండ ఉన్నదని చెప్పింది. తరగతి గొల్లుమన్నది. వార్చిన గంజిని, కాస్త అన్నాన్ని కుండలో పోసి ఉంచి, రోజూ కొత్త గంజి చేరుస్తూ పులియబెట్టేది తరవాణి. దాన్నే పొద్దున చద్దిలో పోసుకు తినేవారు. ఆ పిల్ల తల దించుకున్నది. నేను ఆనాడు ఆరోగ్యశాస్త్రం పుస్తకం మూసి, తెలుగు పాఠం మొదలుపెట్టాను. ఎసరు, అత్తెసరు, కడుగు, కుడితి, గంజి, అంబలి, తరవాణి, చద్ది - ఇన్ని మాటలు ఒక జాతికి ఎందుకు కావలసి వచ్చాయి? 'వార్చు' అన్న క్రియనే సంధ్యకూ వాడతాం, గంజికీ వాడతాం, ఎందుకు? పిల్లలకు మాటలంటే ఆసక్తి. మాటల వెంట ఇంటికి పోయి అవ్వలను అడిగి వచ్చారు. మూడో రోజుకు తరవాణి కుండ ఉన్న అమ్మాయే తరగతిలో పండితురాలైంది. అప్పుడు చెప్పాను: అన్నంలోనుండి నీటిలోకి దిగిన థయమిన్‌ను పారబోయకుండా మళ్లీ కడుపులోకే చేర్చే ఉపాయం ఈ కుండ. పులుపులో ఆ విటమిను నిలుస్తుంది, సోడా ఉప్పు వేస్తే నశిస్తుంది. కూనూరులో గది తెరవకముందే మీ నాయనమ్మల చేతిలో ఈ విద్య ఉన్నది, కారణం మాత్రం కూనూరు చెప్పింది. ఇట్లా చెబితే పిల్లలు విన్నారు. ఇళ్లలో వంట మారిందా అంటే, అది వేరు సంగతి. పదిమందికి ఒకే కుండలో కట్టెల పొయ్యిమీద అత్తెసరు పెడితే అడుగు మాడుతుంది, పైన పలుకుతుంది. వార్చడం ఆ ఇల్లాలి అజ్ఞానం కాదు. ఆ పొయ్యికి, ఆ కుండకు తగిన నేర్పు.

మరి చివరకు గంజి వార్చడం ఎట్లా తగ్గింది? నా పాఠంవల్ల కాదు. ప్రెషరు కుక్కరు వచ్చింది, తరువాత కరెంటు కుక్కరు వచ్చింది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకంతో పల్లెలకు గ్యాసు వెళ్లింది. గ్లాసుకు రెండు గ్లాసుల నీరు అన్న లెక్క వచ్చింది. అత్తెసరు అన్న మాట తెలియని కోడళ్లు అత్తెసరే పెడుతున్నారు. బెరిబెరి కూడా అంతకు చాలాముందే, పప్పులు, కూరలు కాస్త పెరిగి, బ్రతుకు కాస్త మెరుగుపడి, మన తీరంనుండి కనుమరుగైంది. పరిశోధనాలయం హైదరాబాదు చేరేనాటికి దాని ముందు వేరే రోగాలున్నాయి. జొన్నలే ప్రధానాహారంగా బ్రతికే తెలంగాణ పేదలలో ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొరలు లేచే పెలగ్రా అందులో ఒకటి. గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో జొన్నలోని ల్యూసిన్ అనే పదార్థంవైపు వేలు చూపారు. కోస్తా బడిలో చెప్పిన పాఠమే మహబూబ్‌నగర్ బడిలోనూ చెబితే సరిపోదని దీనివల్లనే తెలుస్తుంది. మన వాచకాలు మాత్రం ఏ జిల్లాకైనా ఒకే బొమ్మ వేస్తాయి: ఒక ఆపిలు, ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు.

తెలుపు మీద మోజు మాత్రం తీరలేదు. 2015లో తెలంగాణ వసతిగృహాలలో, 2025లో అక్కడి చౌకదుకాణాలలో సన్నబియ్యం ఇవ్వడం మొదలైతే జనం సంతోషించారు. సంతోషించవలసినదే, పేదవాడి నాలుకకూ రుచి ఉంటుంది. సన్నం, దొడ్డు అన్నవి వంగడపు మాటలు, పాలిష్ మాటలు కావు. కాని అంగడిలో సన్నం అంటే తెల్లనిదనే వాడుక. దొడ్డుబియ్యాన్ని మరకు తీసుకుపోయి మరోసారి పాలిష్ పట్టించుకొనేవారిని నేను ఎరుగుదును. మరోవైపు ముడిబియ్యం పట్టణపు దుకాణాలలో రంగుల సంచిలో, తెల్లబియ్యం కంటె ఎక్కువ ధరకు అమ్ముడవుతున్నది.

2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రభుత్వ పథకాల బియ్యమంతా బలవర్ధకం చేస్తామని ప్రకటించారు. 2024 అక్టోబరులో కేంద్రమంత్రివర్గం దాన్ని 2028 డిసెంబరు దాకా పొడిగించింది. బియ్యపు పిండిలో ఇనుము, బి12, ఫోలిక్ ఆమ్లం కలిపి, గింజల ఆకారంలో అచ్చుపోసి, నూరు గింజలకు ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. రోజర్ విలియమ్స్ పేరు పెట్టినది, సుబ్బారావు బృందం తయారుచేసినది ఇట్లా బడిభోజనంలోకి వచ్చింది. నెల్లూరు విలియమ్స్ థయమిన్ మాత్రం ఆ ప్రమాణాలలో తప్పనిసరి కాదు, కావాలంటే కలపవచ్చునన్న జాబితాలో ఉన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను, నలభై తొమ్మిదేళ్ల మధ్య స్త్రీలలో రక్తహీనత తెలంగాణలో నూటికి 57.6, ఆంధ్రప్రదేశ్‌లో 58.8. కనుక ఇనుముకు పెద్దపీట వేయడం అర్థమవుతుంది. ఈ బియ్యం అందరికీ ఒకే మోతాదులో పెట్టవచ్చునా అన్నదానిమీద వైద్యులలో వాదాలున్నాయి, అందులోకి నేను పోను.

నేను చూసినది చెబుతాను. ఆ కొత్త గింజలు తేలికగా ఉండి కడిగేటప్పుడు నీటిమీద తేలాయి. రంగులోనూ కాస్త తేడా. ప్లాస్టిక్ బియ్యం ఇచ్చారని ఊరంతా గగ్గోలు. ఆడవారు చేటల్లో పోసుకొని ఒక్కొక్క గింజా ఏరి పారవేశారు. బడిలో వంటచేసే అమ్మలూ ఏరారు. ఎంత శ్రద్ధగా ఏరారంటే, నూటికి ఒక్క గింజ తప్పించుకోలేదు. అది ఏమిటో ముందుగా వారికి ఎవరూ చెప్పలేదు. బస్తామీద ఆంగ్లంలో ముద్రించారు. మా వీధిలో ఏరుతున్న ఒక పెద్దావిడను పలకరించి, అది బియ్యపు పిండితోనే చేసిన గింజ, పిల్లలకు రక్తం పట్టడానికి కలిపారని చెప్పాను. ఆమె చేట దించి, "మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా పంతులుగారూ, పొద్దుటినుంచీ మెడ పట్టేసింది" అన్నది. ఏరినవి కోళ్లకు వేసిందట.

ఒక ప్రార్థన. తరవాణిని, అత్తెసరును, కుందెనను మీ మీ ప్రాంతాలలో ఏమంటారో, ముఖ్యంగా తెలంగాణ, ఉత్తరాంధ్ర మిత్రులు, వ్యాఖ్యలలో తెలుపగలరు. ఉప్పుడు బియ్యపు అన్నం ఇప్పటికీ తినే తెలుగు ఇళ్లు ఉంటే ఆ సంగతీ వ్రాయండి.